విశాఖలో మాన్సార్డ్ రూఫ్ ఇల్లు: లాభాలు, ఇబ్బందులు, తరచుగా అడిగే ప్రశ్నలు

మధురవాడ, ఎండాడ, రుషికొండ వైపు సొంత ఇల్లు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఫోన్‌లో ఏదో ఒక విదేశీ ఇంటి ఫొటో చూపించి, "మనకూ ఇలాంటి పైకప్పు కుదురుతుందా?" అని అడుగుతున్నారు. ఆ ఫొటోల్లో తరచుగా కనిపించేది మాన్సార్డ్ రూఫ్, అంటే కింద నిటారు వాలు, పైన తక్కువ వాలు ఉండే పైకప్పు. చూడడానికి చాలా బాగుంటుంది. కానీ మనది సముద్రం పక్కన ఉన్న ఊరు, తుఫాన్ల దారిలో ఉన్న ఊరు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోసే ఊరు. ఇక్కడ అందం కంటే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. విశాఖలో మాన్సార్డ్ కట్టుకోవచ్చు, అయితే ఫొటోలో ఉన్నది ఉన్నట్టుగా కాదు. నిటారు వాలును కాంక్రీటుతో కట్టి, పైన డాబాను డాబాగానే ఉంచుకుంటే మన ఊరికి సరిపోతుంది. ఎందుకలా అంటున్నానో కింది జవాబుల్లో చూడండి.

అసలు మాన్సార్డ్ రూఫ్ అంటే ఏమిటి?

మామూలు పెంకుటింటికి ఒక్కో వైపు ఒకే వాలు ఉంటుంది. మాన్సార్డ్‌లో ఒక్కో వైపు రెండు వాలులు. కింది వాలు దాదాపు గోడలా నిటారుగా, 70 డిగ్రీల వరకు ఉంటుంది. పై వాలు చాలా తక్కువ. రోడ్డు మీద నిలబడి చూస్తే అది కనపడకపోవచ్చు కూడా. ఇల్లంతా చుట్టి నాలుగు వైపులా ఇదే పద్ధతి. కింది వాలులోంచి చిన్న చిన్న కిటికీలు సొంత కప్పుతో ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని డార్మర్ కిటికీలు అంటారు. మొత్తం మీద, బయటికి పైకప్పులా కనిపించే దాని లోపల ఒక అంతస్తు ఉంటుంది.

రెండు వైపులే ఇలా వాలి, మిగతా రెండు వైపులా మామూలు గోడలు ఉంటే దాన్ని గాంబ్రెల్ అంటారు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడే కాంట్రాక్టర్లు ఉంటారు, కాబట్టి డ్రాయింగ్ చూసి నిర్ధారించుకోండి.

ఇది ఎక్కడ పుట్టింది?

ఫ్రాన్స్‌లో. 17వ శతాబ్దపు ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా మాన్సార్ (1598–1666) దీన్ని బాగా వాడి పేరు తెచ్చారు. ఆయన కంటే ముందే, 16వ శతాబ్దంలో, పారిస్‌లోని లూవ్ర్ భవనంలో పియెర్ లెస్కో ఇలాంటి కప్పు వేశారు. 1783లో పారిస్ నగరంలో భవనాల ఎత్తుకు పరిమితి పెట్టారు. ఎత్తును చూరు వరకే కొలిచేవారు. అంటే చూరు పైన, పైకప్పు లోపల ఇంకో అంతస్తు కట్టుకుంటే అది లెక్కలోకి రాదు. తర్వాత 1850, 60లలో మూడో నెపోలియన్ కాలంలో ఆయన అధికారి ఓస్మాన్ పారిస్‌ను తిరిగి కట్టించినప్పుడు వీధుల నిండా ఇవే కప్పులు వచ్చాయి.

ఈ చరిత్ర మన నిర్ణయానికి అవసరమే. అక్కడ స్థలం కొరత, ఎత్తు నిబంధన, చలి, అందుబాటులో ఉన్న పలక రాయి, జింకు రేకు అన్నీ కలిసి ఈ రూపాన్ని తెచ్చాయి. మన దగ్గర వాటిలో ముఖ్యంగా ఉన్నది స్థలం కొరతే.

అయితే ఇక్కడ కూడా ఆ అంతస్తు లెక్కలోకి రాకుండా ఉంటుందా?

ఉండదు. మనుషులు ఉండే గది ఏదైనా అంతస్తే. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో ప్లాటు సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) చూసి ప్లాన్ ఇస్తారు. పైకప్పులో పడకగది చూపించకుండా "అటక" అని రాసి తర్వాత గదులు వేసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రేపు అమ్ముకోవాలన్నా, బ్యాంకు లోన్ పెట్టాలన్నా ప్లాన్‌కీ ఇంటికీ తేడా ఉంటే టెన్షన్ మీకే.

ఇంకో సంగతి: వాలు కప్పు కింద గది ఎత్తు సగటున 2.75 మీటర్లు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. డిజైన్ మొదట్లోనే ఇది చూసుకోవాలి.

స్థలం నిజంగా కలిసొస్తుందా?

వస్తుంది. మాన్సార్డ్‌కు ఉన్న అసలైన బలం ఇదే, అందుకే కాస్త లెక్క వేసి చూపిస్తాను.

30 × 40 అడుగుల ఇల్లు అనుకుందాం. మామూలుగా రెండు వైపులకు 30 డిగ్రీల వాలుతో పెంకు కప్పు వేస్తే మధ్యలో ఎత్తు తొమ్మిది అడుగుల లోపే వస్తుంది. మనిషి తల తగలకుండా తిరగడానికి ఆరున్నర అడుగుల ఎత్తు కావాలనుకుంటే, ఆ కప్పు కింద పనికొచ్చే చోటు మధ్యలో ఏడున్నర అడుగుల వెడల్పు పట్టీ మాత్రమే. అంటే 1,200 చదరపు అడుగుల్లో 300.

అదే ఇంటి మీద 70 డిగ్రీల వాలుతో తొమ్మిది అడుగుల ఎత్తు మాన్సార్డ్ కడితే, ఆరున్నర అడుగుల ఎత్తు దగ్గర గోడ రెండున్నర అడుగుల లోపే లోపలికి వస్తుంది. పనికొచ్చే చోటు దాదాపు 890 చదరపు అడుగులు. అంటే దాదాపు మూడు రెట్లు. వాలు పక్కన మిగిలే చోటులో కూడా అల్మారాలు, పరుపుల పెట్టె, పూజ సామాన్లు పెట్టుకోవచ్చు.

కానీ ఇంకో పోలిక కూడా చేయాలి. అదే చోట మామూలుగా గోడలు లేపి స్లాబు వేస్తే గోడల మందం పోను మిగతాదంతా మీదే. అంటే పెంకు కప్పుతో పోలిస్తే మాన్సార్డ్ గెలుస్తుంది, డాబా ఇంటితో పోలిస్తే ఓడిపోతుంది. విశాఖలో మనం పోల్చుకోవాల్సింది డాబా ఇంటితోనే.

ఖర్చు ఎంత ఎక్కువ అవుతుంది?

చదరపు అడుగు రేటు మెటీరియల్‌ని బట్టి, మేస్త్రిని బట్టి మారిపోతుంది కాబట్టి అంకె చెప్పను. ఎక్కడ ఎక్కువవుతుందో చెబుతాను. పైన చెప్పిన ఇంటికి నిటారు వాలులు నాలుగూ కలిపి సుమారు 1,200 చదరపు అడుగులు, పై వాలు ఇంకో 800. మొత్తం రెండు వేల పైచిలుకు. అయితే ఆ 1,200 పై అంతస్తు గోడల బదులే వస్తాయి కాబట్టి అదంతా అదనం కాదు. అసలు అదనం సెంట్రింగ్, డార్మర్ కిటికీలు, మూలల్లో జాయింట్లు, వాటికి వాటర్ ప్రూఫింగ్. ఒక్కో డార్మర్ ఒక చిన్న ఇంటి కప్పంత పని తీసుకుంటుంది. ఖర్చు తగ్గించాలంటే ముందు డార్మర్ల సంఖ్య తగ్గించండి. రోడ్డు వైపు రెండు ఉంటే చాలు.

తుఫాను వస్తే ఈ కప్పు నిలబడుతుందా?

విశాఖలో ఇది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా వీచింది. విమానాశ్రయం టెర్మినల్ కప్పు కూడా దెబ్బతింది. రేకులు ఎక్కడెక్కడో ఎగిరి పడ్డాయి. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లెవరూ పైకప్పు గురించి తేలిగ్గా మాట్లాడలేరు.

గాలి బరువుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగం లెక్కలోకి తీసుకోమంటుంది. అది గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇంటి ఆకారాన్ని, ఎత్తును బట్టి ఇది ఇంకా మారుతుంది. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలవుతుంది.

మాన్సార్డ్‌ మీద ఈ గాలి రెండు రకాలుగా పనిచేస్తుంది. నిటారు వాలును గోడను తోసినట్టు లోపలికి తోస్తుంది. పైనున్న తక్కువ వాలును పైకి పీకుతుంది. రెండు వాలులు కలిసే అంచు దగ్గర, నాలుగు మూలల దగ్గర ఆ పీకుడు ఎక్కువ. డార్మర్ కిటికీ అద్దం పగిలితే గాలి లోపలికి దూరి కప్పును లోపలి నుంచి కూడా లేపుతుంది. నాలుగు వైపులా వాలు ఉండడం మాత్రం కొంత మేలే; రెండు వైపులా పెద్ద త్రికోణపు గోడలు ఉండే కప్పు కంటే ఇది గాలికి బాగా తట్టుకుంటుంది.

మన ఉత్తరాంధ్ర తీరంలో పూర్వం కట్టుకున్న చుట్టిళ్లను గుర్తు చేసుకోండి. గుండ్రటి మట్టి గోడ, దాదాపు నేలను తాకేంత కిందికి దిగిన తాటాకు కప్పు. గాలికి అడ్డంగా నిలబడే గోడే కనిపించదు. మాన్సార్డ్ దానికి పూర్తిగా వ్యతిరేకం, గాలికి ఎదురు నిలబడే ఆకారం. అందుకే ఇక్కడ దాన్ని బరువుగా, గట్టిగా కట్టాలి. నిటారు వాలు ఆర్‌సీసీ అయితే నాకు నిశ్చింత. స్టీల్ ఫ్రేమ్ మీద రేకు లేదా షింగిల్స్ (పెంకుల బదులు వేసే పల్చటి పలకలు) వేయాలనుకుంటే ఫ్రేమ్ ప్రతి కాలూ కింది రింగ్ బీమ్‌లో (గోడల మీద చుట్టూ పోసే కాంక్రీటు బీమ్) బోల్టులతో బిగించి ఉండాలి, స్ట్రక్చరల్ ఇంజినీర్ గాలి లెక్క కాగితం మీద చూపించాలి. "ఏం కాదు సార్, వెల్డింగ్ కొట్టేస్తాం" అంటే ఒప్పుకోకండి.

వేసవిలో పై అంతస్తు ఉడికిపోదా?

జాగ్రత్తపడకపోతే తప్పకుండా ఉడుకుతుంది. విశాఖలో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అప్పుడు ఎండ దెబ్బంతా తక్కువ వాలు ఉన్న పై కప్పు మీదే. సాయంత్రం పడమటి నిటారు వాలు తీసుకుంటుంది. డాబా ఇంట్లో పడమటి గోడకు సజ్జ ఉంటుంది, పక్కింటి నీడ ఉంటుంది. మాన్సార్డ్ వాలుకు సజ్జ పెట్టడం కుదరదు.

కాబట్టి రెండు పొరలుగా కట్టాలి. బయట పెంకు లేదా షింగిల్, దాని వెనక రెండు అంగుళాల గాలి సందు, ఆ తర్వాత కాంక్రీటు, లోపల ఇన్సులేషన్ బోర్డు. గాలి సందు కింద చూరు దగ్గర తెరిచి ఉండాలి, పైన అంచు దగ్గర కూడా తెరిచి ఉండాలి. అప్పుడే వేడెక్కిన గాలి పైకి పోతుంది. రంగు లేతగా ఉండాలి. ఫొటోల్లో కనిపించే నల్లటి, ముదురు బూడిద రంగు కప్పులు చలి దేశాలకు బాగుంటాయి, మనకు వద్దు.

పడమటి వైపు పడకగది పెట్టకండి. మెట్లు, బాత్రూమ్, స్టోర్ అటు పెట్టండి. తూర్పు వైపు డార్మర్లు పెడితే సముద్రపు గాలి లోపలికి వస్తుంది. ఎదురుగా ఇంకో కిటికీ కూడా ఉంటే ఆ గాలి గదిలో తిరుగుతుంది.

వాన నీరు కారుతుందా?

వాలు బాగా ఉన్నచోట నీరు నిలవదు. డాబా మీద నీళ్లు నిలిచి, కింద గదిలో చెమ్మ మచ్చలు రావడం మనందరికీ తెలిసిన బాధే. ఆ విషయంలో నిటారు వాలు చాలా మేలు. ఇబ్బందంతా జాయింట్లలో: రెండు వాలులు కలిసే అంచు, డార్మర్ కప్పు పెద్ద కప్పును తాకే మూలలు, గట్టర్లు. మన ఊళ్లో జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక వాన, అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండాల వాన. ఆ రెండోది గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. నిటారు వాలు మీద పెంకుల సందుల్లోకి నీరు పైకి కూడా ఎక్కుతుంది. అందుకని పెంకుల కింద వాటర్ ప్రూఫ్ షీట్ తప్పనిసరి. జాయింట్లకు అల్యూమినియం ఫ్లాషింగ్ (సందును కప్పే రేకు పట్టీ) పెట్టించండి, ఒట్టి సిమెంటు పూతతో సరిపెట్టకండి. ఎండకు కప్పు వ్యాకోచించి ఆ పూత పగిలిపోతుంది.

ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే 30 × 40 కప్పు మీద 11 వేల లీటర్ల నీరు దిగుతుంది. గట్టర్లు, పైపులు దానికి తగ్గట్టు వేసి ఇంకుడు గుంతలోకి పంపండి.

ఉప్పు గాలి సంగతి?

లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ తూర్పు వైపు, బీచ్ రోడ్డు పొడవునా ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో కిటికీ గ్రిల్స్ చూస్తే తెలుస్తుంది. తీర ప్రాంతపు గాలికి తెరిచి ఉండే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడ్, కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కవర్ (కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం) ఉండాలని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. నిటారుగా పోసే పల్చటి కాంక్రీటులో ఈ కవర్ నిలబెట్టడం కష్టం. కవర్ బ్లాకులు సరిగ్గా కట్టారో లేదో పోసే ముందు దగ్గరుండి చూసుకోండి. స్క్రూలు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి. కప్పు ఎంత ఖరీదైనదైనా దాన్ని పట్టుకుని ఉండేది ఆ స్క్రూలే.

డాబా పోతుందంటున్నారు. అది అంత పెద్ద నష్టమా?

నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం. దీన్ని చాలామంది ఇల్లు కట్టేశాక గుర్తిస్తారు.

మన ఇంట్లో డాబా ఒక గది కిందే లెక్క. వేసవిలో వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఎండేది అక్కడే. మాగాయ ముక్కలు ఎండేది అక్కడే. బట్టలు, పరుపులు, కడిగిన బియ్యం అన్నీ అక్కడికే. కరెంటు పోయిన రాత్రి చాప వేసుకుని పడుకునేది అక్కడే. పిల్లలు గాలిపటం ఎగరేసేది, పెద్దవాళ్లు పొద్దున్నే నడిచేది, చిన్న ఫంక్షన్‌కు టెంటు వేసేది కూడా. నీళ్ల ట్యాంకు, సోలార్ హీటర్, డిష్ కూడా దాని మీదే. రేపు అబ్బాయి పెళ్లయితే పైన ఇంకో పోర్షన్ వేసుకుందామన్న ఆశ కూడా ఆ స్లాబు మీదే ఉంటుంది. పూర్తి మాన్సార్డ్ కడితే ఇవన్నీ ఒకేసారి పోతాయి. ముఖ్యంగా ఇంట్లో పెద్దావిడను అడగకుండా ఈ నిర్ణయం తీసుకోకండి. ఆ డాబాను ఎక్కువగా వాడేది ఆవిడే.

మరి మధ్యే మార్గం లేదా?

ఉంది, నేను సలహా ఇచ్చేది అదే. నిటారు వాలు మాత్రం కట్టి, దాని పైన వాలు కప్పు బదులు మామూలు స్లాబు వేసి డాబాగా వాడుకోవడం. విదేశాల్లో కూడా చాలా మాన్సార్డ్‌లకు పైభాగం చదునుగానే ఉంటుంది. కింద నుంచి చూస్తే తేడా తెలియదు. పైన చెప్పిన ఇంటికి ఈ పద్ధతిలో దాదాపు 780 చదరపు అడుగుల డాబా మిగులుతుంది. చుట్టూ మూడున్నర అడుగుల పిట్టగోడ కడితే ట్యాంకు కూడా రోడ్డు మీదికి అంతగా కనపడదు. మెట్ల గదిని వెనక వైపు పెట్టండి.

ఇంకా తగ్గించుకోవాలంటే రోడ్డు వైపు, ఒక పక్క మాత్రమే వాలు పెట్టి మిగతా రెండు వైపులా మామూలు గోడలు లేపవచ్చు. పడమర వైపు గోడ వస్తే సజ్జలు కూడా వేసుకోవచ్చు. శాస్త్రం ప్రకారం అది మాన్సార్డ్ కాదనేవాళ్లుంటారు. ఇంట్లో ఉండేది మీరు కాబట్టి ఆ మాట పట్టించుకోనవసరం లేదు.

పాత ఇంటి మీద వేసుకోవచ్చా?

పునాది జీ ప్లస్ వన్‌కే వేసి ఉంటే, దాని మీద ఇంకో అంతస్తు ఇటుక గోడలతో లేపడం కంటే స్టీల్ ఫ్రేమ్ మాన్సార్డ్ చాలా తేలిక. అది మంచి మాటే. కానీ తేలికైన కప్పునే గాలి ఎక్కువగా లేపుతుంది. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో పునాది, పిల్లర్లు, పాత స్లాబు పరీక్ష చేయించండి. ఆ తర్వాత అదనపు అంతస్తుకు అనుమతి. ఈ రెండూ అయ్యాకే అడ్వాన్సు ఇవ్వండి.

మన మేస్త్రీలు కట్టగలరా?

వాలు స్లాబులు కట్టినవాళ్లు ఉన్నారు. 70 డిగ్రీల వాలు వేరే పని. అంత నిటారుగా ఉంటే కాంక్రీటు కిందికి జారిపోతుంది. రెండు వైపులా షట్టరింగ్ కట్టి, కొద్ది కొద్ది ఎత్తుగా పోసి, వైబ్రేటర్ పెట్టాలి. ఇలాంటిది ఇంతకుముందు పోసిన టీమ్‌నే తీసుకోండి, వాళ్లు కట్టిన ఇంటిని వానాకాలం తర్వాత వెళ్లి చూడండి.

సోలార్ ప్యానెల్స్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి దక్షిణం వైపు దాదాపు అంతే వాలు ఉంటే బాగా పనిచేస్తాయి. నిటారు వాలు మీద వేస్తే ఉపయోగం తక్కువ. పైన డాబా ఉంచుకుంటే స్టాండు మీద పెట్టుకోవడం సులువు, కడగడం కూడా సులువు. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల వరకు సబ్సిడీ ఉంది.

వాస్తు ఒప్పుకుంటుందా?

నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని చూసేవాళ్లకు నాలుగు వైపులా వాలే కప్పు మీద సందేహం వస్తుంది. పైన డాబా ఉంచి, నీటి వాలు ఈశాన్యానికి ఇచ్చి, ట్యాంకు నైరుతిలో పెడితే చాలామంది సిద్ధాంతులు సమాధానపడతారు. ప్లాన్ గీయకముందే అడగండి.

కోతుల బెడద ఉన్నచోట?

సింహాచలం కొండ కింద, కైలాసగిరి వైపు కాలనీల్లో విడి పెంకులు వద్దు. కోతులు కదిపేస్తాయి. స్క్రూతో బిగించే పెంకులో, షింగిల్స్‌లో వాడండి. డార్మర్లకు గ్రిల్ తప్పదు.

నిర్వహణకు ఏం చేయాలి?

ఏటా మే నెలాఖరులో ఒకసారి, సెప్టెంబర్ చివర్లో ఒకసారి గట్టర్లలో ఆకులు తీయించి, ఫ్లాషింగ్ ఊడిందేమో చూడాలి. నిటారు వాలు మీద మనిషి నిలబడలేడు. అందుకని కట్టేటప్పుడే డాబా పిట్టగోడకు లోపల తాడు కట్టుకునే స్టెయిన్‌లెస్ కొక్కేలు పెట్టించండి. లేదంటే ఒక్క పెంకు మార్చడానికి కూడా సారవ కట్టించాల్సి వస్తుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

పైకప్పు పని డిసెంబర్ చివర్లో మొదలయ్యేలా మిగతా పనులు లెక్కేసుకోండి. నిటారు కాంక్రీటు జనవరిలో, డాబా స్లాబు ఫిబ్రవరిలో పోస్తే క్యూరింగ్‌కు తగిన సమయం దొరుకుతుంది. నిటారు వాలు మీద నీళ్లు నిలవవు కాబట్టి తడి గోనెపట్టాలు కట్టి క్యూరింగ్ చేయించాలి. పెంకులు, ఫ్లాషింగ్ ఏప్రిల్‌లోగా పూర్తయితే, జూన్ వానలకు ముందే పైపుతో నీళ్లు కొట్టి ప్రతి జాయింటూ పరీక్షించుకోవచ్చు. ఆ పరీక్ష అయ్యాకే కాంట్రాక్టర్‌కు చివరి వాయిదా చెల్లించండి.